హాస్టల్ గదిలో మైక్రోవేవ్ వంట: పోపు ఇంటి దగ్గర, ఉడకబెట్టడం ఇక్కడ

చెల్లీ, నువ్వు రాసిన పరిస్థితి ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ప్రైవేటు హాస్టల్, గదికి ముగ్గురు, సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 20 లీటర్ల సోలో మైక్రోవేవ్, అంటే గ్రిల్, కన్వెక్షన్ లాంటివేవీ లేని మామూలుది. మెస్‌లో రాత్రి కూర నోట్లో పెట్టుకునేలా ఉండదు, రోజూ బయట తింటే నెలాఖరుకి చేతిలో పైసా మిగలదు. ఇండక్షన్ స్టవ్‌కి ఓనర్ ఆంటీ ససేమిరా అన్నారు. మైక్రోవేవ్‌లో పోపు వేద్దామంటే ఆవాలు చిటపటలాడలేదు, అన్నం పొంగి లోపలంతా గంజి అయింది, గుడ్డు పేలింది. "దీంతో అసలు మన వంట అవుతుందా, లేక అమ్మేయాలా?" అని అడిగావు.

అమ్మేయకు. పోపు దాంట్లోనే వేయించాలన్న పట్టుదల మాత్రం వదిలెయ్. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ పీజీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ అద్దె గదుల్లో ఇలాంటి పెట్టెతోనే వండుకున్నాను. ఇప్పుడు గ్యాస్ ఉన్నా కొన్ని వంటలు దాంట్లోనే చేస్తాను. అది ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిస్తే మన తిండి చాలావరకు వండుకోవచ్చు.

మైక్రోవేవ్ ముఖ్యంగా వేడి చేసేది తిండిలో ఉన్న నీటిని. నీరు ఎంత ఉడికినా వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పోపుకి నూనె అంతకంటే చాలా ఎక్కువ కాగాలి, పైగా నూనె మైక్రోవేవ్ తరంగాలను నీటిలా పీల్చుకోదు. నువ్వు గరిటెడు నూనె పోసి మూడు నిమిషాలు పెట్టినా ఆవాలు కదలకపోవడానికి కారణం అదే. కాబట్టి ఉడకబెట్టడం, ఆవిరి పట్టడం, వేడి చేయడం దాని పని. వేపుడు, దోసె, చపాతీ, పోపు దాని పని కావు. మన వంటకి రుచి ఇచ్చేదేమో పోపు, పొడులు, పచ్చళ్లు. వాటిని ఇంటి దగ్గర చేయించుకుని తెచ్చుకో, ఉడకబెట్టే పని మాత్రం పెట్టెకి వదిలెయ్. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు నీ పెట్టె ఒంట్లో బాగుందో లేదో చూడు. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు గాజు కప్పులో పోసి ఫుల్ పవర్ మీద పెట్టు. 700 వాట్ల పెట్టె అయితే రెండు నిమిషాలు అటూ ఇటూగా మరుగుతాయి. మూడు నిమిషాలు దాటినా మరగలేదంటే లోపల తరంగాలు పుట్టించే భాగం, మాగ్నెట్రాన్, నీరసించినట్టు. అప్పుడు నేను చెప్పే టైములన్నీ పెంచుకోవాలి. మరిగిన నీళ్లలో వెంటనే టీ పొడి, కాఫీ పొడి గుమ్మరించకు. నున్నటి గాజు కప్పులో నీళ్లు పైకి బుడగలు రాకుండానే మరుగు మీరిపోయి ఉండొచ్చు, పొడి తగలగానే ఒక్కసారిగా చేతిమీదకి ఎగజిమ్ముతాయి. తలుపు తీశాక అర నిమిషం ఆగు, తర్వాత వేసుకో.

లోపల కుడివైపు గోడకి అట్టముక్కలాంటి పలక ఒకటి ఉంటుంది, చూడు. కొత్తగా కొన్నవాళ్లు ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేస్తుంటారు. అది మైకా పలక, తరంగాలు లోపలికి వచ్చే దారికి తలుపు. దానిమీద కూర చిట్లి ఎండిపోతే ఆ జిడ్డే మాడి నిప్పురవ్వలు లేస్తాయి. తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. నల్లగా మాడి చిల్లు పడితే మాత్రం రిపేరు షాపులో కొత్త పలక కత్తిరించి వేయిస్తారు, పెద్ద ఖర్చేమీ కాదు. మన విశాఖలో ఇంకో బాధ ఉప్పు గాలి. వంటయ్యాక లోపలి ఆవిరి తుడవకుండా తలుపు మూసేస్తే మూలల్లో పెయింట్ లేచి తుప్పు పడుతుంది, ఆ తుప్పు దగ్గర కూడా మెరుపులు వస్తాయి. పొడిగుడ్డతో తుడిచి కాసేపు తలుపు ఓరగా తెరిచి ఉంచు.

గిన్నెల సంగతి. స్టీలు క్యారియర్, సిల్వర్ ఫాయిల్, బంగారు అంచున్న కప్పులు లోపల పెట్టకూడదని నీకు తెలిసే ఉంటుంది. మెలమైన్ ప్లేట్లు కూడా వద్దు, చాలా హాస్టళ్లలో ఉండేవి అవే. పార్సిల్ డబ్బాల్లో వేడి చేయకు, కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన సాంబారు కవరుతో అసలే పెట్టకు. వేడికి తట్టుకునే గాజు గిన్నెలు రెండు కొనండి, ముగ్గురూ డబ్బులు వేసుకుని. ఒకటి రెండు లీటర్లది, ఒకటి లీటరుది. పైన మూతకి పింగాణీ ప్లేటు చాలు. ఈ ఒక్కదానికి మాత్రం పిసినారితనం చూపించకండి, మిగతా అంతా తర్వాత మిగుల్చుకోవచ్చు.

ఇక అన్నం. నీది పొంగడానికి కారణం నీళ్లు ఎక్కువ కావడం కాదు, గిన్నె చిన్నది కావడం. ఒక గ్లాసు బియ్యానికి రెండు లీటర్ల గిన్నె ఉండాలి. సోనా మసూరి అయితే రెండు మూడు నీళ్లు కడిగి, రెండు గ్లాసుల నీళ్లు పోసి ఇరవై నిమిషాలు నానబెట్టు. నానబెట్టడం మానేస్తే మధ్యలో పలుకు మిగులుతుంది. ఒక చుక్క నూనె వేస్తే నురగ తగ్గుతుంది. ముందు మూత లేకుండా ఫుల్ పవర్ మీద ఏడెనిమిది నిమిషాలు. అద్దంలోంచి చూస్తూ ఉండు: మొదట అంచుల్లో చిన్న బుడగలు, తర్వాత తెల్లటి నురగ, ఆ తర్వాత నీరు దిగిపోయి అన్నం మీద చీమల పుట్టలో ఉన్నట్టు చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. ఆ కన్నాలు కనిపించగానే ఆపి, ప్లేటు మూత ఓరగా పెట్టి, సగం పవర్ మీద ఏడు నిమిషాలు పెట్టు. ఆపేశాక ఐదు నిమిషాలు మూత తీయకు. ఆ ఐదు నిమిషాల్లోనే అడుగున ఉన్న తేమ పైకి సర్దుకుంటుంది. పలుకు, ముద్ద అని బాధపడ్డావే, అది చాలావరకు ఈ ఆగడం మానేయడం వల్లే. సగం పవర్ అంటే మామూలు పెట్టెల్లో మంట తగ్గినట్టు కాదు, కాసేపు పూర్తిగా పనిచేసి కాసేపు ఆగుతుంది. ఆ శబ్దం మారుతుంటే పాడైందని టెన్షన్ పడకు.

మిగిలిన అన్నం రాత్రంతా గదిలో పెట్టి పొద్దున వేడి చేసుకు తినడం మాత్రం మానేయండి. మన ఉక్కకి అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. ఫ్రిజ్ ఉంటే గంటలోపు అందులో పెట్టండి, లేకపోతే ఆ పూటకి సరిపడా వండుకోండి. అరగ్లాసు బియ్యానికి టైమ్ సగానికంటే కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే.

ఇప్పుడు ఇంటి నుంచి తెచ్చుకోవలసినవి. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మని నాలుగే అడుగు. ఒకటి, పోపు సీసా: ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు నూనెలో కరకరలాడేలా వేయించి, పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి ఇమ్మను. తడి చెంచా తగలకుండా వాడితే రెండు మూడు వారాలు బాగుంటుంది. అందులో వెల్లుల్లి వేయొద్దని గట్టిగా చెప్పు. నూనెలో మునిగి బయట నిలవున్న వెల్లుల్లిలో ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంది. రెండు, కందిపొడి. మూడు, పులిహోర గుజ్జు, అంటే చింతపండు బాగా ఉడికించి పోపు పెట్టిన ముద్ద. నాలుగు, రవ్వ. రవ్వని ఇంటి దగ్గరే నెయ్యితో, పోపుతో ఎర్రగా వేయించి డబ్బాలో పోసి ఇస్తే ఇక్కడ నీకు ఉప్మా నాలుగు నిమిషాల పని. ఆవకాయ సంగతి నేను చెప్పక్కర్లేదు, అది అడక్కుండానే పెడతారు.

ఆ ఉప్మా ఎలాగంటే: అరగ్లాసు వేయించిన రవ్వకి ఒకటింపావు గ్లాసు నీళ్లు, ఉప్పు. లీటరు గిన్నెలో కలిపి రెండు నిమిషాలు ఫుల్, బాగా కలిపి మళ్లీ ఒకటిన్నర నిమిషం, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలెయ్. మధ్యలో కలపడం మర్చిపోతే అంచుల్లో రాయి, నడుమ జావ. ఈ పెట్టెలో వేడి ఎప్పుడూ సమంగా పడదు, అందుకే ఏ వంటకైనా మధ్యలో ఒకసారి కలపాలి. ముద్దగా కలపలేని వాటిని, అంటే దుంపల్లాంటి వాటిని, పళ్లెం మధ్యలో కాకుండా అంచుల వెంట గుండ్రంగా పేర్చు.

పప్పు తినాలని ఉంటే కందిపప్పు జోలికి వెళ్లకు. కుక్కర్ లేకుండా అది మెత్తబడేలోపు మీ ముగ్గురూ నిద్రపోతారు. పెసరపప్పు అరగంట నానబెట్టి, అరగ్లాసుకి గ్లాసున్నర నీళ్లు, పసుపు, రెండు టమాటాలు వేసి పెద్ద గిన్నెలో మూత లేకుండా ఐదు నిమిషాలు, తర్వాత సగం పవర్ మీద ఎనిమిది నిమిషాలు. గరిటె వెనకతో మెదిపి, తుంచిన పాలకూర వేసి ఇంకో రెండు నిమిషాలు. ఉప్పు, చెంచాడు పోపు సీసా. ఇది మెస్ పప్పు కంటే వెయ్యి రెట్లు నయం. పక్కన అప్పడం కావాలంటే ఒక్కొక్కటి విడిగా, నూనె లేకుండా నలభై యాభై సెకన్లు పెడితే పొంగుతుంది. అప్పడంలో ఉన్న కాస్త తేమే దానికి చాలు.

నాకు ఇష్టమైనది వంకాయ పచ్చిపులుసు. మన ఉత్తరాంధ్రలో ఇది లేకుండా ఎండాకాలం గడవదు, దీనికి స్టవ్ అవసరమే లేదు. పావుకిలో తూగే పెద్ద వంకాయని ఫోర్కుతో పది పదిహేను చోట్ల గుచ్చు. గుచ్చకపోతే లోపలి ఆవిరికి దారి దొరక్క బాంబులా పగులుతుంది. చేతికి కాస్త నూనె రాసుకుని కాయంతా పట్టించి, ఆరేడు నిమిషాలు పెట్టు, మధ్యలో ఒకసారి తిప్పు. తొడిమ దగ్గర నొక్కితే వేలు దిగిపోవాలి. చల్లారాక తొక్క తీసి వేళ్లతో మెదుపు. నిమ్మకాయలో సగమంత చింతపండు గ్లాసు నీళ్లలో వేసి అర నిమిషం వేడి చేస్తే వెంటనే నానుతుంది. ఆ పులుసు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర కలిపి పైన పోపు వెయ్. నిప్పుల మీద కాల్చిన పొగ వాసన రాదు, అది నిజం. వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది. వేడన్నంలో ఇది, నంజుకి అప్పడం. మీ రూమ్మేట్లలో గోదావరి జిల్లాల అమ్మాయి ఉంటే మొదట ముక్కు విరుస్తుంది, రెండో ముద్దకి గిన్నె తన వైపు లాక్కుంటుంది.

గుడ్డు పేలిన సంగతి. పెంకుతో ఎప్పుడూ పెట్టకు. పెంకు తీసిన ఉడకబెట్టిన గుడ్డుని మళ్లీ వేడి చేసినా అంతే, ఒక్కోసారి లోపల పేలకుండా వచ్చి కొరికినప్పుడు నోట్లో పేలుతుంది. అది మరీ ప్రమాదం. గుడ్డు కావాలంటే కప్పులో కొట్టి, ఉప్పు, చెంచాడు పాలు, ఉల్లిపాయ ముక్కలు వేసి బాగా గిలక్కొట్టు. నలభై సెకన్లు, కలుపు, మళ్లీ ముప్పై సెకన్లు. పైన కొంచెం తడిగా ఉండగానే తీసెయ్, ఆ వేడికే మిగతాది గట్టిపడుతుంది. పూర్తిగా ఉడికేదాకా లోపలే ఉంచితే రబ్బరులా సాగుతుంది. చవగ్గా కడుపు నిండటానికి గుడ్డుని మించింది లేదు. గుడ్ల ధర ప్రకటించే నెక్ (ఎన్‌ఈసీసీ) వాళ్ల విశాఖ రేటు రోజూ పేపర్లో వస్తుంది కాబట్టి షాపువాడు ఎంత వేసుకుంటున్నాడో కూడా తెలుస్తుంది.

కూరగాయలకి నీకు ఎంవీపీ రైతుబజారు ఉంది కదా. రేట్లు బోర్డు మీద రాసి పెడతారు, బేరమాడే పని లేదు. ఆదివారం పొద్దున ముగ్గురూ కలిసి వెళ్లి వారానికి సరిపడా ఉల్లిపాయలు, టమాటాలు, బంగాళాదుంపలు, చిలగడదుంపలు తెచ్చుకోండి. ఆకుకూర మాత్రం వండుకునే రోజే కొనండి, ఈ ఉక్కకి రెండో రోజుకే కుళ్లుతుంది. చిలగడదుంప కడిగి, గుచ్చి, తడిగానే ఐదారు నిమిషాలు పెడితే అదే ఒక పూట టిఫిన్. మొక్కజొన్న కండె పైపొట్టుతోనే నాలుగు నిమిషాలు, పొట్టే దానికి మూత. చోడిపిండి, అంటే రాగిపిండి దొరికితే రెండు చెంచాలు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, ఒకటిన్నర గ్లాసు నీళ్లు చేర్చి, నలభై సెకన్లకోసారి కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు ఉడికిస్తే అంబలి. మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుని పరీక్షల రోజుల్లో పొద్దున్నే తాగి వెళ్లొచ్చు.

ఏజెన్సీ నుంచి వచ్చే ఎర్ర రాజ్మా చవగ్గా కనిపించి మనసు లాగుతుంది. దాన్ని మైక్రోవేవ్‌లో వండొద్దు. సరిగా ఉడకని రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. అది పోవాలంటే బాగా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో గలగలా మరిగేలా ఉడికించాలి. వేడి సమంగా పడని పెట్టెలో ఆ నమ్మకం లేదు. చేపలు వండొచ్చా అని కూడా అడిగావు. వండొచ్చు, ఆవిరి మీద వంజరం ముక్క మూడు నాలుగు నిమిషాల్లో చక్కగా ఉడుకుతుంది. కానీ ఆ వాసన మర్నాడు నీ పాలల్లోకి, పక్క గది గొడవల్లోకి వస్తుంది. అది నీ ఇష్టం.

ప్రతి పూటా అన్నీ మీరే వండాలని పెట్టుకోకండి, వారంలో విసుగెత్తిపోతుంది. అన్నం మీరు వండుకుని, రెండు రోజులకోసారి కర్రీ పాయింట్‌లో ఒక కూర ప్యాకెట్, ఒక సాంబారు తెచ్చుకుంటే ముగ్గురికి సరిపోతుంది. కూర గాజు గిన్నెలోకి వంచి, మూత పెట్టి, మధ్యలో కలుపుతూ పొగలు వచ్చేదాకా వేడి చేయండి. పైన వెచ్చగా, నడుమ చల్లగా ఉంటే సరిపోదు.

ఇక ఓనర్ ఆంటీ కరెంటు బిల్లు భయం. పెట్టె వెనక స్టిక్కర్ చూడు, ఇలాంటివి గోడ నుంచి దాదాపు 1200 వాట్లు లాగి అందులో 700 దాకా తిండికి ఇస్తాయి. పది నిమిషాలు ఫుల్ మీద నడిస్తే ఖర్చయ్యేది 0.2 యూనిట్. రోజుకి అరగంట వాడినా నెలకి 18 యూనిట్లు. ఈ లెక్క కాగితం మీద రాసి, ఆమె బిల్లులో యూనిట్ రేటుతో గుణించి ముందే చూపించండి, నెలకి అంత మేమిస్తాం అని చెప్పండి. దాచిపెట్టి వాడితే వాసన పట్టించేస్తుంది. ఆమె అసలు భయం బిల్లు కంటే వైరింగ్ మీద అయి ఉంటుంది, అది న్యాయమైన భయమే. మైక్రోవేవ్ ఐదు ఆంపియర్లకి పైగా లాగుతుంది, 1500 వాట్ల కెటిల్ ఇంకో ఆరున్నర. ఫోన్ ఛార్జర్లు పెట్టే సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి రెండూ కలిపి తగిలిస్తే వైరు కరుగుతుంది. పెట్టెని నేరుగా గోడ సాకెట్‌కి, వీలైతే ఏసీ కోసం పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్‌కి తగిలించండి. అది నడుస్తున్నంతసేపు కెటిల్, ఐరన్ బాక్స్ ఆఫ్‌లో ఉండాలి. ఖాళీ పెట్టె ఎప్పుడూ ఆన్ చేయకండి.

కన్వెక్షన్, అంటే ఓవెన్‌లా వేడి గాలితో కూడా వండే రకం కొంటే పోపు వస్తుందా అని చివర్లో అడిగావు. రాదు. దాంతో కేకులు, బిస్కెట్లు వస్తాయి, ధర బాగా పెరుగుతుంది, కరెంటు కూడా ఎక్కువే లాగుతుంది. ఆ డబ్బుతో రెండో గాజు గిన్నె, ఒక మూడు నెలల బియ్యం వస్తాయి. ముందు ఈ వారం అన్నం, పచ్చిపులుసు చేసి చూడు. అన్నం మళ్లీ పొంగితే గిన్నె మార్చు, నీళ్లు తగ్గించకు. అడుగున పలుకు మిగిలితే నానబెట్టే టైమ్ పెంచు. ఏ గిన్నెలో, ఎన్ని నిమిషాలు పెట్టావో రాస్తే మిగతాది అక్కడి నుంచి చూద్దాం.